తుపాను వార్త విన్నాక సముద్రాన్ని చదవడం ఎలా

ఎక్కడ పెద్ద తుపాను వచ్చినా, వరద ముంచెత్తినా గంటల్లోనే రెండు రకాల మెసేజ్‌లు ఫోన్లలో తిరగడం మొదలవుతుంది. "ఇదంతా కార్బన్ వల్లే, ఇక భూమి పని అయిపోయింది" అని ఒకటి. "తుపాన్లు మా తాతల కాలంలోనూ వచ్చాయి, ఇదంతా ఉత్త హడావుడి" అని ఇంకొకటి. రెండింట్లోనూ ఒక్క అంకె ఉండదు. నాకు రెండూ చిరాకే.

నేను సరుకు నౌకల మీద డెక్ ఆఫీసర్‌గా పనిచేసి రిటైరయ్యాను. నౌక ఎక్కడున్నా సరే, ఆరు గంటలకోసారి వాతావరణ లాగ్ నింపడం వాచ్‌లో, అంటే కాపలా డ్యూటీలో, ఉన్నవాడి పని. గాలి దిక్కు, వేగం, బారోమీటర్, మేఘాలు, అలల ఎత్తు, నీటి ఉష్ణోగ్రత అన్నీ రాసి, కోడ్ చేసి వాతావరణ శాఖలకు పంపేవాళ్లం. ప్రపంచమంతటా నౌకలు స్వచ్ఛందంగా చేసే పని ఇది. ఒడ్డుకొచ్చాక కూడా ఆ అలవాటు పోలేదు, సముద్రం అంకెలు చూస్తూనే ఉన్నాను. ఎలా చూడాలో చెప్పమని కుర్రాళ్లు అడుగుతుంటారు కాబట్టి ఇది రాస్తున్నాను. ఫోన్, ఒక నోటుబుక్కు ఉండి, కూడికలు, గుణకారాలు వస్తే చాలు.

నేను చెప్పదలుచుకున్నది ఒకటే. కార్బన్‌కీ, మనం చూసే వాతావరణానికీ మధ్యలో సముద్రం ఉంది. కార్బన్ డయాక్సైడ్ లాంటి వాయువులు పెరగడం వల్ల భూమి మీద అదనంగా నిలిచిపోతున్న వేడిలో దాదాపు 90 శాతం సముద్రంలోకే వెళ్తోంది. మధ్యలో ఉన్న దాన్ని వదిలేసి ఈ చివర నుంచి ఆ చివరికి దూకితే, ఎటువైపు వాదించినా తేలదు.

ముందు కార్బన్ గీత

హవాయి దీవుల్లో మౌనా లోవా అనే అగ్నిపర్వతం మీద చార్లెస్ డేవిడ్ కీలింగ్ 1958 మార్చిలో గాల్లోని కార్బన్ డయాక్సైడ్‌ను కొలవడం మొదలుపెట్టాడు. అప్పుడు దాదాపు 315 పీపీఎం ఉండేది. అంటే గాలిలోని ప్రతి పది లక్షల అణువుల్లో 315. ఫ్యాక్టరీల కాలానికి ముందు ఇది 280 దగ్గర ఉండేదని ధ్రువాల మంచుపొరల్లో చిక్కుకున్న గాలిబుడగలు చెబుతున్నాయి. 2024 సగటు 424 దాటింది. 2025 మే నెల సగటు మొదటిసారి 430 దాటింది.

ఈ గ్రాఫ్ తెరిచినప్పుడు రంపం పళ్లలా ఎగుడుదిగుడుగా కనిపిస్తుంది. ప్రతి ఏడాదీ మేలో శిఖరం, సెప్టెంబర్, అక్టోబర్‌లలో లోయ. ఉత్తరార్ధగోళంలో నేల ఎక్కువ, చెట్లు ఎక్కువ. అక్కడ వేసవిలో ఆకులు కార్బన్‌ను లాగేసుకుంటాయి, చలికాలంలో రాలి కుళ్లి తిరిగి వదిలేస్తాయి. కాబట్టి ఏ నెల అంకె దొరికినా దాన్ని పోయిన ఏడాది అదే నెలతోనే పోల్చాలి. ఆగస్టులో ఎవరైనా "కార్బన్ తగ్గుముఖం పట్టింది" అని గ్రాఫ్ ముక్క కత్తిరించి పంపితే, వాళ్లు మే నుంచి ఆగస్టు దాకా మాత్రమే చూపిస్తున్నారేమో చూడండి.

అగ్నిపర్వతం మీద కొలిస్తే దాని పొగే కొలుస్తున్నట్టు కాదా అని చాలామంది అడుగుతారు. మంచి ప్రశ్నే. బిలం వైపు నుంచి గాలి వీచినప్పుడు ఆ తేడా రీడింగుల్లో తెలిసిపోతుంది, వాటిని పక్కన పెడతారు. అంతకంటే గట్టి సమాధానం దక్షిణ ధ్రువంలో ఉంది. అక్కడా కొలుస్తున్నారు, అక్కడా ఇదే పెరుగుదల.

ఇప్పుడు నోటుబుక్కు తీసి చిన్న లెక్క చేయండి. గాల్లో 1 పీపీఎం పెరగాలంటే దాదాపు 780 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్ కావాలి. బొగ్గు, చమురు, గ్యాస్, సిమెంట్ కలిసి ఏడాదికి దాదాపు 3,700 కోట్ల టన్నులు వదులుతున్నాయి. అడవుల నరికివేత లాంటివి ఇంకో 400 కోట్ల దాకా కలుపుతాయి. మొత్తం 4,100 కోట్లు. 780తో భాగిస్తే అయిదు పీపీఎం పైమాటే. మరి గ్రాఫ్‌లో ఏడాదికి పెరుగుతున్నది ఎంత? సగటున రెండున్నర. అంటే వదిలిన దాంట్లో సగమే గాల్లో కనిపిస్తోంది. మిగతా సగాన్ని నేల మీది మొక్కలు, మట్టి కొంత, సముద్రం కొంత తీసుకుంటున్నాయి. వదిలిన మొత్తంలో సముద్రం వాటా దాదాపు పావు వంతు. ఈ పావు వంతు కథ కింద ఆమ్లత్వం దగ్గర మళ్లీ వస్తుంది.

ఈ లెక్కతోనే ఇంకో సంగతీ తేలుతుంది. 2020లో లాక్‌డౌన్ల వల్ల ఉద్గారాలు దాదాపు 5 శాతం తగ్గాయి. అయినా గీత పైకే పోయింది. కొందరు దీన్ని పట్టుకుని "చూశారా, మనుషులకీ దీనికీ సంబంధం లేదు" అన్నారు. 4,100 నుంచి ఓ 200 తీసేయండి. మిగిలిన 3,900లో సగం గాల్లోనే నిలిచింది కదా, గీత ఎందుకు దిగుతుంది? ఏటా వదిలేది తగ్గడం వేరు, ఇప్పటికే పోగుపడినది తగ్గడం వేరు. ఈ తేడా పట్టుబడితే సగం వాదనలు అక్కడే ఆగిపోతాయి.

వేడి ఎటు పోతోంది

90 శాతం వేడి సముద్రంలోకి పోతోందంటే మొదట నమ్మబుద్ధి కాదు. దీన్నీ లెక్కేసి చూడవచ్చు. భూమి మీద ప్రతి చదరపు మీటరు పైనా ఉన్న గాలి బరువు దాదాపు 10 టన్నులు. ఒక కిలో నీటిని ఒక డిగ్రీ వేడి చేయడానికి పట్టే వేడి, కిలో గాలికి పట్టే దానికి నాలుగు రెట్లు. కాబట్టి ఆ 10 టన్నుల గాలి వేడి, రెండున్నర టన్నుల నీటి వేడితో సమానం. రెండున్నర టన్నుల నీరంటే చదరపు మీటరు మీద రెండున్నర మీటర్ల లోతు. సముద్రం భూమిలో 71 శాతమే కాబట్టి దాన్ని సముద్రం మీదికి సర్దితే మూడున్నర మీటర్లు. ఆకాశం మొత్తం దాచుకోగల వేడిని సముద్రంలో పైన మూడున్నర మీటర్ల నీరు దాచుకోగలదన్నమాట. సముద్రం సగటు లోతు 3,700 మీటర్లు.

పిల్లలకు చూపించాలంటే రెండు బెలూన్లు తీసుకోండి. ఒకదాన్ని గాలితో, ఇంకోదాన్ని నీళ్లతో నింపి, వెలుగుతున్న కొవ్వొత్తి మీద కాసేపు పట్టుకోండి. గాలి బెలూన్ వెంటనే పేలిపోతుంది. నీళ్ల బెలూన్ మసి పడుతుంది తప్ప అంత త్వరగా పగలదు. రబ్బరుకు తగిలిన వేడిని నీళ్లు లాగేసుకుంటాయి. పెద్దవాళ్లు దగ్గరుండి, కింద పళ్లెం పెట్టి చేయాలి.

సముద్రం ఇంత మింగుతోంది కదా, మంచిదే కదా అనుకోవచ్చు. మింగినది అక్కడే ఉండిపోదు. కొంత ఆవిరై, కొంత ప్రవాహాలతో పోయి, మళ్లీ మన వాతావరణంలోకే వస్తుంది. గాల్లో కార్బన్ పెరగడం రేపే ఆగిపోయినా, ఇప్పటికే లోపలికి పోయిన వేడి వల్ల నీళ్లు వ్యాకోచిస్తూ సముద్ర మట్టం చాలాకాలం పెరుగుతూనే ఉంటుంది.

ఎర్ర మ్యాప్ చూసి కంగారు పడేముందు

సముద్ర ఉపరితల ఉష్ణోగ్రత మ్యాపులు ఇప్పుడు ఎవరైనా చూడవచ్చు. అమెరికా సంస్థ నోవా, యూరప్ వాళ్ల కోపర్నికస్, అమెరికాలోని మెయిన్ రాష్ట్రపు యూనివర్సిటీ నడిపే క్లైమేట్ రీఅనలైజర్ పేజీ, ఏదైనా పరవాలేదు. నేను చివరి దాంట్లో రోజువారీ గ్రాఫ్ చూస్తాను. ధ్రువాల దగ్గరి ప్రాంతాలు వదిలేసి, అటు 60 ఇటు 60 డిగ్రీల అక్షాంశాల మధ్య ఉన్న సముద్రమంతటి సగటు అది. ఒక్కో ఏడాదికి ఒక్కో గీత. 2023 గీత ఏప్రిల్ నుంచి మిగతా వాటి గుంపులోంచి విడిపోయి పైన ఒంటరిగా నడిచింది. 2024 మొదటి నెలల్లో గీత దానికీ పైన ఉంది, 21 డిగ్రీలు దాటింది. అంత పెద్ద నీటి ముద్ద సగటు డిగ్రీలో పదో వంతు కదిలినా చిన్న విషయం కాదని పైన చేసిన లెక్కను బట్టి మీకే అర్థమవుతుంది.

మ్యాప్ తెరవగానే రంగులు చూడకండి. మూలన చిన్న అక్షరాల్లో ఉన్న రెండు సంగతులు చూడండి. మొదటిది, చూపిస్తున్నది అసలు ఉష్ణోగ్రతా లేక మామూలు కంటే ఎంత తేడా అన్నదా? రెండోది, ఆ "మామూలు" ఏ సంవత్సరాలది? 2024లో భూమి సగటు ఉష్ణోగ్రతను కోపర్నికస్ రెండు రకాలుగా చెప్పింది. 1991–2020తో పోలిస్తే 0.72 డిగ్రీలు ఎక్కువ, 1850–1900తో పోలిస్తే 1.60 డిగ్రీలు ఎక్కువ. రెండూ నిజమే. ఒకడు మొదటిది పట్టుకుని "ముప్పావు డిగ్రీ కూడా లేదు" అంటాడు, ఇంకొకడు రెండోది పట్టుకుని "డిగ్రీన్నర దాటేశాం" అంటాడు. నోటుబుక్కులో ఏ అంకె రాసినా పక్కనే బ్రాకెట్లో ఆధార కాలం రాయండి. అది లేని అంకెను నేను లెక్కలోకే తీసుకోను.

ఈ కొలతల మీద నమ్మకం ఎంత? ఇందులో నాకు కాస్త అనుభవం ఉంది కాబట్టి చెప్పనివ్వండి. పాతరోజుల్లో బకెట్‌ను తాడుతో దించి, నీళ్లు పైకి లాగి, థర్మామీటరు ముంచేవాళ్లు. బకెట్ పైకి వచ్చేలోపు గాలికి నీరు ఆవిరై కాస్త చల్లబడుతుంది. తర్వాత ఇంజన్‌ను చల్లబరచడానికి లోపలికి తీసుకునే నీటి పైపు దగ్గర కొలవడం వచ్చింది. అక్కడ ఇంజన్ రూమ్ వేడి తగిలి రీడింగ్ కాస్త ఎక్కువ చూపిస్తుంది. మా రోజుల్లో బ్రిడ్జ్ (నౌకను నడిపే గది) నుంచి ఇంజన్ రూమ్‌కు ఫోన్ చేసి "సీ టెంపరేచర్ ఎంత?" అని అడిగితే కింద నుంచి ఒక అంకె చెప్పేవాళ్లు. కొన్ని నౌకల్లో ఆ అంకె వాచ్‌లు మారినా, అక్షాంశాలు మారినా మారేది కాదు! రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బకెట్ల నుంచి పైపులకు మారడం వల్ల పాత రికార్డుల్లో ఒక అబద్ధపు ఎత్తు కూడా ఉంది.

అందుకే శాస్త్రవేత్తలు ఈ కొలతలను సరిదిద్దుతారు. నౌకల రీడింగులు సముద్రంలో తేలే కొలత పరికరాలైన బోయాల కంటే సగటున 0.12 డిగ్రీలు ఎక్కువని పక్కపక్కన పోల్చి తేల్చారు. "డేటాను మార్చేశారు" అనే ఆరోపణ విన్నప్పుడు ఒక్క సంగతి గుర్తుంచుకోండి. సముద్రంలో చేసిన సవరణల వల్ల పాత కాలం అంకెలు పైకి జరిగాయి. అంటే భూమి మొత్తం మీద దీర్ఘకాలంలో జరిగిన వేడెక్కడం సవరణల తర్వాత కొంచెం తక్కువగానే కనిపిస్తుంది. ఎక్కువ చేసి చూపించాలనుకున్నవాడెవడూ అలా సవరించడు.

ఎల్ నినోను పక్కన పెట్టండి

ఒక ఏడాది సముద్రం బాగా వేడిగా ఉంటే అదంతా కార్బన్ ఖాతాలో వేయకూడదు. పసిఫిక్ మహాసముద్రంలో భూమధ్యరేఖ వెంట వీచే తూర్పు గాలులు మామూలుగా వేడి నీటిని పడమటికి నెట్టి పేర్చుతాయి. ఆ గాలులు నీరసిస్తే వేడి నీరు మళ్లీ తూర్పుకు జారి పరుచుకుంటుంది. అది ఎల్ నినో. గాలులు మామూలు కంటే బలపడి తూర్పున చల్లటి నీరు పైకి వస్తే లా నినా. సముద్రం లోపలి వేడిని గాలిలోకి వదిలే ఏడాది ఒకటి, దాచుకునే ఏడాది ఒకటి.

దీనికి చూడాల్సిన అంకె నినో 3.4. భూమధ్యరేఖకు అటూ ఇటూ 5 డిగ్రీలు, పశ్చిమ రేఖాంశం 170 నుంచి 120 దాకా ఉన్న పెట్టె అది. అక్కడ మూడు నెలల సగటు మామూలు కంటే అర డిగ్రీ, అంతకంటే ఎక్కువ ఉంటే ఎల్ నినో వైపు, అర డిగ్రీ తక్కువ ఉంటే లా నినా వైపు. 1997–98, 2015–16, 2023–24 పెద్ద ఎల్ నినోలు. 2020 నుంచి 2023 మొదటి దాకా వరుసగా మూడు చలికాలాలు లా నినా.

ఇప్పుడు అసలు పని. నోటుబుక్కులో ఎల్ నినో ఏళ్లను ఒక వరుసలో, లా నినా ఏళ్లను ఇంకో వరుసలో రాసి, పక్కన భూమి సగటు ఉష్ణోగ్రత రాయండి. ఎల్ నినోను ఎల్ నినోతో, లా నినాను లా నినాతో పోల్చండి. 2021, 2022 లా నినా ఏళ్లు రెండూ, ఒకప్పుడు అందరినీ అదరగొట్టిన 1998 ఎల్ నినో ఏడాది కంటే వేడిగా ఉన్నాయి. రేవులో పనిచేసినవాడికి ఇది కొత్తేమీ కాదు. అలలు లేస్తూ పడుతూనే ఉంటాయి, పోటు మాత్రం తన పని తాను చేసుకుపోతుంది. కాసేపటికి ఆ పడిన అల కూడా ఇందాక లేచిన అల కంటే ఎత్తున ఉంటుంది.

హిందూ మహాసముద్రానికీ ఇలాంటి ఊగిసలాటే ఒకటి ఉంది. పడమర, తూర్పు భాగాల ఉష్ణోగ్రతల తేడాను బట్టి కొలిచే దాన్ని డైపోల్ అంటారు. 1999లో గుర్తించారు. 2019లో ఇది చాలా బలంగా వచ్చింది. ఆ ఏడాది తూర్పు ఆఫ్రికాలో కుండపోత, ఆస్ట్రేలియాలో కరువు, కార్చిచ్చులు. వర్షాల వార్త చదివేటప్పుడు నినో 3.4తో పాటు దీన్నీ ఒకసారి చూడాలి.

లోతు లేకుండా తుపాను అర్థం కాదు

ఉపగ్రహం చూసేది సముద్రం చర్మాన్నే. లోపల ఏముందో చెప్పేది ఆర్గో. 1999 నుంచి సముద్రంలో వదులుతున్న, మనిషంత పొడుగున్న గొట్టాలవి. ఇప్పుడు దాదాపు 4,000 ఉన్నాయి. ఒక్కోటి 1,000 మీటర్ల లోతున తొమ్మిది రోజులు కొట్టుకుపోయి, 2,000 మీటర్లకు దిగి, పైకి వస్తూ దారంతా ఉష్ణోగ్రత, ఉప్పదనం కొలిచి, ఉపగ్రహానికి పంపి మళ్లీ మునుగుతుంది. పది రోజులకో చక్రం. వాచ్ మారడం లేదు, నిన్నటి అంకె మళ్లీ చెప్పడం లేదు. పైన చెప్పిన ఇంజన్ రూమ్ ఫోన్ కాల్‌ను గుర్తు చేసుకుంటే దీని విలువ నాకెందుకు ఎక్కువగా అనిపిస్తుందో మీకు తెలుస్తుంది.

ఆర్గో డేటాతో గీసే సముద్ర ఉష్ణ నిల్వ గ్రాఫ్‌నే నేను అన్నిటికంటే ముందు నమ్ముతాను. ఉపరితల గ్రాఫ్‌లా ఇది ఎల్ నినోకి అంతగా ఎగిరిపడదు. ఎక్కువ ఏళ్లు ఏ ఏటికాయేడు కొత్త రికార్డే. ఎవరికైనా ఒకే ఒక్క గ్రాఫ్ చూపించే టైమ్ ఉంటే ఇదే చూపించండి.

తుపానుకు లోతు ఎందుకంటే, తుపాను పుట్టడానికి ఉపరితలం దాదాపు 26.5 డిగ్రీలు ఉండాలని పుస్తకాల్లో ఉంటుంది. ఉష్ణమండలంలో చాలాచోట్ల అది మామూలే, ఆ అంకె ఒక్కటి చూసి ఏమీ చెప్పలేం. తుపాను గాలులు సముద్రాన్ని చిలికి కింది చల్లటి నీటిని పైకి తెస్తాయి. తన ఇంధనాన్ని తానే చల్లార్చుకుంటుందన్నమాట. దానికదే బ్రేకు. వేడి పొర పల్చగా ఉంటే ఈ బ్రేకు పడుతుంది. వేడి పొర వంద మీటర్ల దాకా ఉంటే ఎంత చిలికినా పైకి వచ్చేది వేడి నీరే, బ్రేకు పడదు. 2005లో కత్రినా హరికేన్ గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో లోతైన వేడి నీటి ప్రవాహం మీదుగా పోతూ ఒక్కసారిగా బలం పుంజుకుంది. 2023 అక్టోబర్‌లో ఓటిస్ తుపాను ఒక్క రోజులో మామూలు తుపాను స్థాయి నుంచి అన్నిటికంటే బలమైన అయిదో కేటగిరీకి ఎదిగి మెక్సికోలోని అకాపుల్కో మీద పడింది. అంచనాలు అంత బలాన్ని ముందు రోజు దాకా పట్టుకోలేకపోయాయి. 24 గంటల్లో గాలి వేగం గంటకు 55 కిలోమీటర్లకు పైగా పెరిగితే వాతావరణ శాఖలు దాన్ని వేగంగా బలపడటం అంటాయి. నౌకలో ఉన్నవాడికి ఇంతకంటే టెన్షన్ ఇంకోటి లేదు. తుపాను దారి నుంచి తప్పుకునే లెక్కలన్నీ దాని బలం నెమ్మదిగా మారుతుందన్న నమ్మకం మీదే వేసేవాళ్లం.

కాబట్టి తుపాను వార్త రాగానే దాని దారిలో ఉపరితల ఉష్ణోగ్రత మ్యాప్, తర్వాత తుపాను ఉష్ణ నిల్వ మ్యాప్ చూడండి. 26 డిగ్రీల వేడి ఎంత లోతు దాకా ఉందో రెండోది చెబుతుంది. రెండూ మామూలు కంటే ఎక్కువగా ఉంటే, వేడెక్కిన సముద్రం చేయి ఇందులో ఉందనడానికి మీ దగ్గర ఒక కారణం ఉన్నట్టు. రుజువు ఇంకా లేదు.

పావు వంతు కార్బన్ నీళ్లలో ఏం చేస్తుంది

సముద్రం మింగిన కార్బన్ డయాక్సైడ్ నీటితో కలిసి కార్బానిక్ ఆమ్లం అవుతుంది. అందులోంచి హైడ్రోజన్ అయాన్లు విడిపోతాయి. అవి కార్బొనేట్‌ను పట్టుకుని బైకార్బొనేట్‌గా మార్చేస్తాయి. గుల్లలు, పగడాలు తమ పెంకు కట్టుకునేది ఆ కార్బొనేట్‌తోనే. ఇటుకలు ఎవరో ముందే ఎత్తుకుపోయినట్టవుతుంది. 2000ల రెండో సగంలో అమెరికా పసిఫిక్ తీరంలోని ఆయిస్టర్ హ్యాచరీల్లో పిల్ల గుల్లలు పెంకు కట్టలేక కుప్పలుగా చనిపోయాయి. లోతుల నుంచి పైకి వచ్చిన ఆమ్లపు నీరే కారణమని తేలాక, నీటిని పరీక్షించి, సరిచేసి వాడటం నేర్చుకున్నారు.

నీరు ఆమ్లమా, క్షారమా అని చెప్పే పీహెచ్ అంకె చదివేటప్పుడు జాగ్రత్త. ఉపరితల సముద్రం సగటు పీహెచ్ 8.2 దగ్గర నుంచి 8.1 దగ్గరికి వచ్చింది. చూడ్డానికి ఏమీ లేనట్టు ఉంటుంది. కానీ పీహెచ్‌లో ఒక్క అంకె తగ్గితే హైడ్రోజన్ అయాన్లు పది రెట్లవుతాయి. 0.1 తగ్గితే 26 శాతం పెరుగుతాయి. అలాగని "సముద్రం యాసిడ్ అయిపోయింది" అనకండి. 7 కంటే పైన ఉన్నంతకాలం అది క్షారమే. ఆమ్లం వైపు జరుగుతోంది అనాలి.

స్కూల్ ల్యాబులో బ్రోమోథైమాల్ బ్లూ (ఆమ్లం తగిలితే రంగు మారే ద్రవం) ఉంటే గ్లాసు నీళ్లలో కొన్ని చుక్కలు వేసి, స్ట్రాతో మెల్లగా ఊదండి. పీల్చకూడదు, ఊదాలి అంతే. మీ ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్‌కే నీలం రంగు ఆకుపచ్చ, తర్వాత పసుపు అవుతుంది. దొరికితే సముద్రపు నీటితోనూ చేయండి. రంగు మారడానికి ఇంకా చాలాసేపు ఊదాలి. సముద్రపు నీటిలో ఆమ్లాన్ని తట్టుకునే లవణాలు ఉంటాయి కాబట్టి. తట్టుకుంటుంది, కానీ ఎంతైనా తట్టుకోదు.

ఇక్కడే ఒక పాత వాదన వస్తుంది. వేడెక్కిన నీరు గ్యాస్‌ను వదిలేస్తుంది కదా, గాల్లో పెరిగిన కార్బన్ సముద్రం నుంచే వచ్చిందేమో అని. వేడినీరు తక్కువ గ్యాస్ పట్టుకుంటుందన్నది నిజమే. కానీ సముద్రమే వదులుతుంటే దానిలో కార్బన్ తగ్గాలి, పీహెచ్ పెరగాలి. హవాయి దగ్గర 1988 నుంచి ఒకేచోట నీరు తోడి కొలుస్తున్నారు. రెండూ దానికి సరిగ్గా ఎదురుగా నడుస్తున్నాయి. పైగా గాల్లో కార్బన్-13 (కార్బన్‌లోనే కాస్త బరువైన రకం) వాటా తగ్గుతోంది. మొక్కల నుంచి పుట్టిన బొగ్గు, చమురులో అది తక్కువ. వచ్చినది ఎక్కడి సరుకో దాని మీదే ముద్ర ఉంది.

పగడాల సంగతి ఒక్క మాటలో: వాటిని ఎక్కువగా దెబ్బతీస్తున్నది ఇప్పటికైతే వేడి. ఆ చోట ఏడాదిలో అన్నిటికంటే వేడి నెల సగటును ఒక డిగ్రీ దాటిన వేడి వారాల తరబడి ఉంటే అవి తెల్లబోతాయి. ప్రపంచవ్యాప్తంగా నాలుగోసారి అలా జరుగుతోందని 2024 ఏప్రిల్‌లో ప్రకటించారు.

సముద్రం నుంచి మన నెత్తి మీదికి

ఒక డిగ్రీ వేడెక్కిన గాలి దాదాపు 7 శాతం ఎక్కువ ఆవిరిని మోయగలదు. భారీ వర్షాల వార్తలకు ఇదే మీ మొదటి అంకె. 2017లో హార్వే హరికేన్ టెక్సాస్‌లో కొన్నిచోట్ల 1,500 మిల్లీమీటర్లకు పైగా కురిసింది. వేడెక్కడం వల్ల ఆ వాన దాదాపు 15 శాతం పెరిగిందని ఒక అధ్యయనం తేల్చింది. గమనించండి, హార్వేను వేడెక్కడమే పుట్టించిందని ఎవరూ అనలేదు. వచ్చిన తుపాను మోసుకొచ్చిన నీటిని పెంచిందన్నారు.

ఇలా లెక్కించే పద్ధతి ఏమిటంటే, ఇప్పటి వాతావరణాన్నీ, మనుషులు వేడెక్కించని వాతావరణాన్నీ మోడళ్లలో, రికార్డుల్లో పక్కపక్కన పెట్టి, అదే ఘటన ఏది ఎన్నిసార్లు చూపిస్తుందో పోల్చడం. వరల్డ్ వెదర్ ఆట్రిబ్యూషన్ అనే బృందం ఈ పని వారాల్లో చేసి పెడుతుంది. 2021 జూన్‌లో కెనడాలోని లిటన్ 49.6 డిగ్రీలకు చేరినప్పుడు, మనుషుల వల్ల వేడెక్కకపోతే అలాంటి వడగాలి దాదాపు అసాధ్యమని చెప్పింది. అదే ఏడాది మడగాస్కర్ కరువు, ఆకలి గురించి మాత్రం, వాతావరణ మార్పు పాత్ర చిన్నదే, పేదరికం, వానల్లోని సహజమైన తేడాలే ముఖ్యమని చెప్పింది. ఈ రెండో రకం ఫలితాలు కూడా బయటపెడతారు కాబట్టే మొదటి రకాన్ని నేను నమ్ముతాను.

అన్ని ఘటనల మీదా ఒకే నమ్మకం ఉండకూడదు. వడగాలుల విషయంలో కార్బన్ పాత్ర మీద నమ్మకం చాలా ఎక్కువ. భారీ వర్షాలు ఆ తర్వాత. కరువు కష్టం, వానతో పాటు మట్టి, నీటి వాడకం కూడా అందులో కలుస్తాయి. వడగళ్లు, సుడిగాలుల గురించి గట్టిగా చెప్పేవాడిని చూసి నేను పక్కకు తప్పుకుంటాను. ఉత్తరార్ధగోళపు జెట్ స్ట్రీమ్ (బాగా ఎత్తున వేగంగా వీచే గాలి ప్రవాహం) వంకర్లు ఎక్కువయ్యాయా అన్న దాని మీద శాస్త్రవేత్తల మధ్యే ఏకాభిప్రాయం లేదు. తుపాన్ల విషయంలో మాటకు మాట విడదీయాలి: ప్రపంచం మొత్తం మీద వాటి సంఖ్య పెరుగుతోందనడానికి ఆధారం లేదు. వాటిలో బలమైన వాటి వాటా, కురిసే వాన, వేగంగా బలపడటం పెరుగుతున్నాయి. "తుపాన్లు పెరుగుతున్నాయి" అన్న వాక్యం కనిపిస్తే, సంఖ్యా, బలమా, వానా అని అడగండి. చాలావరకు రాసినవాడి దగ్గర జవాబుండదు.

నష్టం లెక్కలతో కూడా జాగ్రత్త. తీరం వెంట ఇళ్లు, ఆస్తులు పెరిగితే అదే తుపానుకు నష్టం పెరుగుతుంది. ఆ అంకె వాతావరణం గురించి చెప్పదు. ఉప్పెన మాత్రం వేరు. అది సముద్ర మట్టం మీద ఎక్కి వస్తుంది. 1900 నుంచి మట్టం 20 సెంటీమీటర్లు పెరిగింది. అందులో సగం, దాదాపు 10 సెంటీమీటర్లు, ఉపగ్రహాలు కొలవడం మొదలుపెట్టిన 1993 తర్వాతదే. ఆనాటి ఉప్పెనే ఈనాడు వచ్చినా ఆ మేరకు ఎత్తు నుంచి మొదలవుతుంది.

ఎప్పుడు ఏది చూడాలి

రోజూ చూస్తే పిచ్చెక్కుతుంది, పనికీ రాదు. మౌనా లోవా నెల సగటు మరుసటి నెల మొదటి వారంలో వస్తుంది. పోయిన ఏడాది అదే నెల పక్కన రాసుకోండి. కోపర్నికస్ నెలవారీ నివేదిక కూడా దాదాపు అప్పుడే వస్తుంది. అందులోంచి సముద్ర ఉపరితల సగటు ఒక్కటి, ఆధార కాలంతో సహా రాసుకుంటే చాలు. ఎల్ నినో మీద నోవా ప్రకటన నెలలో రెండో గురువారం. సముద్ర ఉష్ణ నిల్వ, సముద్ర మట్టం ఏడాదికోసారి, జనవరి దాటాక చూడండి. మట్టం గ్రాఫ్‌లో నెలనెలా తేడాలు వెతకవద్దు. లా నినా ఏడాది వానలు నేల మీద ఎక్కువగా పడి మట్టం కొన్నాళ్లు తగ్గిన సందర్భాలు ఉన్నాయి. 2010–11లో అలా అయిదు మిల్లీమీటర్ల దాకా దిగి, నీరంతా తిరిగి సముద్రంలో చేరాక గీత మళ్లీ పైకి పోయింది. నోటుబుక్కులో ప్రతి పేజీకీ పైన తేదీ, ఏ సంస్థ డేటానో, ఆధార కాలమేదో రాయండి. ఆధార కాలాలు పదేళ్లకోసారి మారుస్తారు. 1981–2010 నుంచి 1991–2020కి మారినప్పుడు నా పాత పేజీల అంకెలు కొత్తవాటితో కలపడానికి ఎర్ర పెన్నుతో గీత గీసి, కింద కొత్తగా మొదలుపెట్టాను. మీరూ అలాగే చేయండి, పాతవి కొట్టేయవద్దు.